జాపా మీద మ్యాగజైన్లు ఏం రాశాయి, ఏం వదిలేశాయి?

#1 · పాతసంచిక (హైదరాబాద్)

అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా మీద వచ్చిన పాత మ్యాగజైన్ వ్యాసాలు 1968 నుంచి 1993 దాకా వరసబెట్టి చదువుతున్నాను. కొన్ని ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికినవి, చాలావరకు నెట్‌లో స్కాన్లు. చదివేకొద్దీ ఇద్దరు వేరువేరు మనుషుల గురించి చదువుతున్నట్టు అనిపిస్తోంది.

రాక్ పత్రికల్లో కనిపించే జాపాకి మీసం ఉంటుంది, నోటి దురుసు ఉంటుంది, బూతు పాటలు ఉంటాయి. కూతురికి మూన్ యూనిట్, కొడుకుకి డ్వీజిల్ అని పేర్లు పెట్టిన వింత తండ్రి. గిటార్ ప్లేయర్, కీబోర్డ్ లాంటి వాద్యకారుల పత్రికల్లో ఉండే జాపా వేరే. పొద్దస్తమానం స్టాఫ్ పేపర్ మీద స్వరాలు రాసుకునే కంపోజర్, స్టూడియోలోంచి బయటికి రాని పనిరాక్షసుడు.

ఆయన బతికున్నప్పుడే విడుదలైన ఆల్బమ్‌లు 60 పైచిలుకు. రాక్, జాజ్, ఆర్కెస్ట్రా, కంప్యూటర్ సంగీతం అన్నీ ఉన్నాయి. ఇంత పని చేసిన మనిషిని పత్రికలు సరిగ్గా పట్టుకున్నాయా, లేక మీసం దగ్గరే ఆగిపోయాయా? మీరేమంటారు?

#2 · పంచ్_పరమేశం (రాజమండ్రి)

మీసం దగ్గర ఆగకుండా ముందుకెళ్లిన జర్నలిస్టులు ఆయన నోటి దగ్గర ఆగిపోయి ఉంటారు.

#3 · స్ట్రాట్_శీను (విశాఖ)

పాతసంచిక గారూ, మంచి టాపిక్ ఎత్తారు. నా ఓటు రెండో జాపాకే. నేను ఆయన్ని గిటార్ ద్వారా తెలుసుకున్నవాణ్ణి. 1977 జనవరి గిటార్ ప్లేయర్ ఇంటర్వ్యూ చదివితే మూన్ యూనిట్ ఊసు కాదు, యాంప్, పికప్, సోలో ఎలా కడతాడు అన్న మాటలు. 1982లో అదే పత్రికలో ‘యాబ్సొల్యూట్లీ ఫ్రాంక్’ అని సొంత కాలమ్ కూడా రాశాడు. మొదటి పాఠం దేని మీదనుకున్నారు? బేసి తాళాలు ఎలా మొదలుపెట్టాలి అని! బూతు పాటలవాడని పేరుపడ్డ మనిషి కూర్చుని కుర్రాళ్లకి లెక్క నేర్పిస్తున్నాడు.

అదే మనిషిని అదే ఏడాది మిగతా మీడియా దేనికి గుర్తుపెట్టుకుంది? ‘వ్యాలీ గర్ల్’. పద్నాలుగేళ్ల కూతురితో లాస్ ఏంజెలెస్ శివారు అమ్మాయిల యాసని వెక్కిరిస్తూ చేసిన పాట. బిల్‌బోర్డ్‌లో 32వ స్థానం దాకా వెళ్లింది. అమెరికాలో ఆయనకి అంతకన్నా పెద్ద హిట్ సింగిల్ లేదు. వెక్కిరించిన యాసే ఫ్యాషనైపోయి దేశమంతా పాకింది, అది వేరే కామెడీ.

#4 · కొత్తగా_వచ్చా (గుంటూరు)

నమస్తే అందరికీ. జాపా పేరు ‘స్మోక్ ఆన్ ద వాటర్’ పాటలో విన్నాను తప్ప ఏమీ తెలీదు. అసలు ఎవరాయన? ఎక్కడ మొదలెట్టాలి? తిట్టకండి ప్లీజ్.

#5 · పాతసంచిక (హైదరాబాద్)

తిట్టేదేముంది తమ్ముడూ. నువ్వు విన్న పాట కథ నిజమే. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లో మోంట్రో కాసినోలో జాపా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లోంచి ఎవరో ఫ్లేర్ పేల్చారు, కాసినో కాలిపోయింది. పక్కనే రికార్డింగ్‌కి వచ్చిన డీప్ పర్పుల్ బ్యాండ్ దాన్ని పాట చేసుకుంది. సరిగ్గా ఆరు రోజులకి లండన్ రెయిన్‌బో థియేటర్‌లో ఒకడు స్టేజీ ఎక్కి జాపాని కింద ఆర్కెస్ట్రా గుంటలోకి తోసేశాడు. నెలల తరబడి వీల్‌చెయిర్. ఆ కుర్చీలో కూర్చునే ‘వాకా జవాకా’, ‘గ్రాండ్ వజూ’ అనే రెండు పెద్ద బ్యాండ్ ఆల్బమ్‌లు రాశాడు, 1972లో వచ్చాయి.

ఇక్కడ కూడా చూడు, నిప్పూ తోపులాటా అందరికీ తెలుసు. ఆ రెండు ఆల్బమ్‌లు ఎంతమందికి తెలుసు?

ఇక టూకీగా: 1940 డిసెంబరు 21న బాల్టిమోర్‌లో పుట్టాడు, కాలిఫోర్నియాలో పెరిగాడు, 1966లో ‘ఫ్రీక్ అవుట్!’తో మొదలు. మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్ అని బ్యాండ్. 1993 డిసెంబరు 4న ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయాడు. మొదటిసారి వినేవాడికి ‘హాట్ ర్యాట్స్’ చాలు.

#6 · లావణ్య_ఎల్పీ (డాలస్)

నేను కొంచెం ఎదురు మాట్లాడతాను, ఏమనుకోకండి. “పత్రికలు అర్థం చేసుకోలేదు, పాపం మేధావి” అనే కథ జాపా ఫ్యాన్స్ అందరూ చెబుతారు. కానీ పత్రికలకి ఆ జోకర్ వేషం ఇచ్చింది ఎవరు?

1967లో లండన్‌లో టాయిలెట్ సీటు మీద కూర్చుని తీయించుకున్న ఫొటో పోస్టరై ప్రపంచమంతా తిరిగింది. 1968 మార్చిలో బీటిల్స్ సార్జెంట్ పెప్పర్ ఆల్బమ్ కవర్‌ని మక్కీకి మక్కీ వెక్కిరిస్తూ ‘వియ్‌ర్ ఓన్లీ ఇన్ ఇట్ ఫర్ ద మనీ’ కవర్ చేశాడు. లీగల్ భయంతో కంపెనీవాళ్లు దాన్ని లోపలికి తిప్పేశారు, అది మరింత వార్త అయింది. మనిషి ముందు అడ్వర్టైజింగ్ పని కూడా చేసినవాడు. ఏ ఫొటో అచ్చవుతుందో ఏది కాదో ఆయనకి మనకన్నా బాగా తెలుసు. గాలం వేసినవాడే చేప తప్పు అంటే ఎలా?

#7 · స్ట్రాట్_శీను (విశాఖ)

లావణ్య గారూ, గాలం వేశాడు, ఒప్పుకుంటా. కానీ ‘ఫ్రీక్ అవుట్!’ కవర్ లోపల చూడండి. నేటి కంపోజర్ చావడానికి ఒప్పుకోడు అనే అర్థంలో ఎడ్గార్ వరేజ్ అనే ఆధునిక స్వరకర్త వాక్యం అచ్చేశాడు. తన సంగీతానికి కారకులని ఒక పెద్ద పేర్ల జాబితా వేశాడు, అందులో వరేజ్, స్ట్రావిన్‌స్కీ ఉన్నారు. అంటే మొదటి రోజే “నేను కంపోజర్ని” అని బోర్డు కట్టుకున్నాడు. లాస్ ఏంజెలెస్ టైమ్స్ రివ్యూ రాసిన ఆయన ఏమన్నాడు? ఆదాయపన్ను తర్వాత ఆస్పిరిన్ బిళ్లల వ్యాపారాన్ని ఇంతగా పెంచేది ఈ ఆల్బమే అన్నాడు. బోర్డు చదవకుండానే తలనొప్పి తెచ్చుకున్నాడు.

#8 · పంచ్_పరమేశం (రాజమండ్రి)

ఆస్పిరిన్ జోక్ మాత్రం బాగుంది, ఒప్పుకోవాలి. రివ్యూయర్ పేరు మర్చిపోయినా జోక్ మిగిలింది.

#9 · లావణ్య_ఎల్పీ (డాలస్)

శీను గారూ, అది డబుల్ ఎల్పీ. నాలుగో వైపు మొత్తం పన్నెండు నిమిషాల అరుపులు, డ్రమ్ములు. రోజూ పాప్ పాటల రివ్యూలు రాసుకునే పేపర్ మనిషికి 1966లో అది ఇచ్చి “వరేజ్ ప్రభావం రాయి” అంటే ఎలా రాస్తాడండీ? నా దగ్గర ఆ రికార్డు ఉంది. ఇప్పటికీ నాలుగో వైపు నేను పూర్తిగా వినను.

#10 · పాతసంచిక (హైదరాబాద్)

వరేజ్ పేరు వచ్చింది కాబట్టి నాకు బాగా ఇష్టమైన ముక్క చెప్తాను. జాపా కంపోజర్ కావడానికి కారణమే ఒక మ్యాగజైన్.

టీనేజ్‌లో ఉండగా ‘లుక్’ పత్రికలో న్యూయార్క్ రికార్డు వ్యాపారి సామ్ గూడీ మీద ఒక వ్యాసం చదివాడు. ఆయన ఎంత గొప్ప సేల్స్‌మన్ అంటే వరేజ్ ‘అయోనిజేషన్’ లాంటి దరిద్రమైన గోలని కూడా అమ్మేయగలడు అని అందులో పొగిడారట. పొగడ్త వ్యాపారికి, తిట్టు సంగీతానికి. కుర్రాడికి ఆ తిట్టే నచ్చింది. ఆ రికార్డు కోసం ఏడాదికి పైగా వెతికి, లా మేసా అనే ఊళ్లో హై-ఫై షాపులో పట్టుకున్నాడు. ధర 5.95 డాలర్లు, జేబులో ఉన్నది 3.80. హై-ఫై సెట్లు ఎలా మోగుతాయో చూపించడానికి షాపువాడు ఆ రికార్డే వేసేవాడట. అది వేస్తే ఒక్క సెట్టూ అమ్ముడుపోవట్లేదని 3.80కే వదిలించుకున్నాడు.

ఈ కథంతా జాపాయే 1971 జూన్ స్టీరియో రివ్యూ పత్రికలో రాశాడు, తన చిన్ననాటి ఆరాధ్యుడు వరేజ్ మీద వ్యాసం. రాక్ స్టార్ రాసినట్టు ఉండదు. పుట్టినరోజుకి ఏం కావాలని అమ్మ అడిగితే న్యూయార్క్‌లో ఉన్న వరేజ్‌కి ట్రంకాల్ చేసుకోనివ్వమన్నాడట. ఫోన్ ఎత్తింది వరేజ్ భార్య లూయీస్. ఆయన బ్రస్సెల్స్‌లో ఉన్నారని చెప్పింది.

#11 · మృదంగం_మూర్తి (చెన్నై)

ఆ వ్యాసం నేనూ చదివాను. బాగుంటుంది. ఒక్క పీట ముడి ఉంది. అది తన 15వ పుట్టినరోజు అంటాడు, అంటే 1955 డిసెంబరు. వరేజ్ బ్రస్సెల్స్‌లో చేసిన పని 1958 ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శనలో ఫిలిప్స్ పెవిలియన్ కోసం. 1955 చివర్లోనే అక్కడ ఉండటం తేదీలకి సరిపోదు. ఫోన్ చేసి ఉండొచ్చు, ఏ ఏడో కలిసిపోయి ఉండొచ్చు. మ్యాగజైన్లు జాపా గురించి తప్పు రాశాయని మనం అనుకుంటున్నాం కానీ, జాపా తన గురించి రాసుకున్నదీ ఒకసారి చూసుకోవాలి.

#12 · లావణ్య_ఎల్పీ (డాలస్)

మూర్తి గారికి వంద లైకులు.

#13 · కొత్తగా_వచ్చా (గుంటూరు)

ఇప్పుడే ‘అయోనిజేషన్’ యూట్యూబ్‌లో విన్నాను. అంతా డ్రమ్స్, మధ్యలో ఫైరింజన్ సైరన్! మా అమ్మ వచ్చి “ఏమైందిరా బయట” అని అడిగింది 😀

#14 · మృదంగం_మూర్తి (చెన్నై)

అది నిజంగా సైరనే బాబూ, స్కోరులో రాసి ఉంది. పదముగ్గురు వాయిద్యకారులు, అందరూ పెర్కషన్.

పదమూడు అన్నాక ఇంకొకటి చెప్పాలి, ఇది మన వైపు సంగతి. 1978 హాలోవీన్‌కి న్యూయార్క్‌లో జాపా కచేరీలో ఎల్. శంకర్ వయొలిన్ వాయించారు. శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్‌తో వాయించిన మన కర్ణాటక వయొలినిస్టే. ఆ రోజు వాళ్లు వాయించిన ఒక దాని పేరే ‘థర్టీన్’. పదమూడు లెక్కలో నడుస్తుంది. మొదలుపెట్టే ముందు జాపా ఆ లెక్క ఎలా కట్టాలో ప్రేక్షకులకి విడమరిచి చెప్తాడు. రికార్డింగ్ తర్వాత ఆయన లైవ్ సిరీస్ ఆరో భాగంలో వచ్చింది, వినండి.

అమెరికావాళ్లకి అది వింత లెక్క. మనకి సంకీర్ణ జాతి త్రిపుట తాళం, 9+2+2, పదమూడక్షరాలు. పుస్తకంలో ఉంది. మరుసటి ఏడు శంకర్ ‘టచ్ మి దేర్’ ఆల్బమ్‌ని జాపాయే ప్రొడ్యూస్ చేశాడు. అందులో ‘డెడ్ గర్ల్స్ ఆఫ్ లండన్’ అనే పాట మొదట వాన్ మోరిసన్ పాడారు, ఆయన కంపెనీ ఒప్పుకోలేదు. దాంతో జాపా తనే పాడి, ‘స్టకో హోమ్స్’ అని దొంగపేరు వేసుకున్నాడు. నేను చూసిన రాక్ పత్రికల్లో ఈ ఆల్బమ్ గురించి ఎక్కడైనా వస్తే ఆ దొంగపేరు సంగతే వస్తుంది. తమిళ కచేరీ వేదిక మీద పెరిగిన వయొలిన్ ఒక రాక్ బ్యాండ్‌తో ఎలా కుదిరింది, గమకం ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారిపోయింది? దాని మీద ఒక్క పేరా దొరకదు.

#15 · స్ట్రాట్_శీను (విశాఖ)

మూర్తి గారూ సూపర్. ‘థర్టీన్’ ఇప్పుడే డౌన్‌లోడ్, అదే, కొంటున్నాను.

#16 · నిర్వాహకుడు

శీను గారూ, “కొంటున్నాను” చూశాను. అందరికీ గుర్తు చేస్తున్నా: ఆల్బమ్‌ల డౌన్‌లోడ్ లింకులు, మ్యాగజైన్ పీడీఎఫ్‌లు ఇక్కడ పెట్టొద్దు. లైఫ్ పత్రిక పాత సంచికలు గూగుల్ బుక్స్‌లో ఉచితంగానే ఉన్నాయి, వాటి గురించి చెప్పుకోవచ్చు.

#17 · పాతసంచిక (హైదరాబాద్)

లైఫ్ అన్నారు కాబట్టి. 1968 జూన్ 28 సంచిక, కవర్ మీద జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బ్యాండ్, లోపల ‘కొత్త రాక్’ మీద ప్రత్యేక పేజీలు. అందులో జాపా సొంతంగా రాసిన వ్యాసం ఉంది, 1950ల నుంచి రాక్ అండ్ రోల్ ఎలా మారుతూ వచ్చిందో. మూడు వారాలు తిరిగేసరికి జూలై 20న రోలింగ్ స్టోన్ కవర్ మీదికి ఎక్కాడు. రోలింగ్ స్టోన్ అప్పటికి పుట్టి ఏడాది కూడా కాలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఇంటింటికీ వెళ్లే లైఫ్ ఆయన్ని సంగీతం గురించి రాయమంది, కుర్రకారు పత్రిక ఆయన్ని మాట్లాడనిచ్చి వినోదం చూసింది. తలకిందులుగా లేదూ?

ఇంకో గమ్మత్తు. హిప్పీ పత్రికలన్నీ ఆయన్ని తమ మనిషనుకున్నాయి. ఆయనేమో డ్రగ్స్ ముట్టడు, టూర్లో బ్యాండువాళ్లని ముట్టనివ్వడు. కాఫీ, సిగరెట్లు, పని. ‘వియ్‌ర్ ఓన్లీ ఇన్ ఇట్’ నిండా హిప్పీలనే ఏకాడు.

#18 · లావణ్య_ఎల్పీ (డాలస్)

రోలింగ్ స్టోన్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. ఒక విషయంలో కొందరు విమర్శకులు ఆయన్ని పట్టుకున్న చోట వాళ్లదే రైటు.

ఆడవాళ్ల మీద ఆ పాటలు. డెబ్బైలు గడిచేకొద్దీ ఎక్కువయ్యాయి. 1979 ‘షేక్ యర్‌బూటీ’లో యూదు అమ్మాయిల మీద పాట పెడితే యాంటీ డిఫమేషన్ లీగ్ అనే యూదుల హక్కుల సంస్థ అభ్యంతరం చెప్పింది. ఆయన క్షమాపణ చెప్పలేదు, అలాంటివాళ్లు ఉన్నారు కాబట్టి రాశాను అన్నాడు. “సెటైర్” అనే మాట ప్రతిసారీ అడ్డం పెట్టుకుంటే ఎలా? రాబర్ట్ క్రిస్ట్‌గో లాంటి విమర్శకుడు ఆయనకి ఎక్కువగా తక్కువ గ్రేడ్లే ఇచ్చాడని జాపా ఫ్యాన్స్ ఇప్పటికీ తిడతారు. నేను తిట్టను. రికార్డు వింటూ ఆ పాట రాగానే సూది ఎత్తి ముందుకు పెట్టుకునేదాన్ని నేను. రివ్యూయర్‌కి ఆ అవకాశం లేదు, మొత్తం వినాలి, రాయాలి.

అదే సమయంలో 1969లో ఆయన జీటీవోస్ అనే అమ్మాయిల బృందాన్ని రికార్డు చేశాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో రోలింగ్ స్టోన్ గ్రూపీల (రాక్ బ్యాండ్ల వెంట తిరిగే అమ్మాయిల) మీద ప్రత్యేక సంచిక వేస్తే అందులో వాళ్లూ ఉన్నారు. పత్రిక వాళ్లని గ్రూపీలుగానే చూసింది, జాపా కనీసం మైకు ఇచ్చాడు. కాబట్టి మనిషి ఒక్క ముక్కలో తేలడు.

#19 · పంచ్_పరమేశం (రాజమండ్రి)

లావణ్య గారు ఒక్క పోస్టులోనే తిట్టి, మెచ్చుకుని, మళ్లీ తిట్టారు. రోలింగ్ స్టోన్ ఇదే పని ముప్పై ఏళ్లు చేసింది.

#20 · స్ట్రాట్_శీను (విశాఖ)

లావణ్య గారి పాయింట్ కాదనలేను. ఆ పాటల్ని సమర్థించే ఓపిక నాకూ లేదు. కానీ నా ఫిర్యాదు వేరే. ఆ పాటల్ని తిట్టడానికి ఇచ్చిన చోటులో సగమైనా మిగతావాటికి ఇచ్చారా?

1979 ఒక్క సంవత్సరం తీసుకోండి. స్లీప్ డర్ట్, షేక్ యర్‌బూటీ, ఆర్కెస్ట్రల్ ఫేవరెట్స్, జోస్ గరాజ్ మొదటి అంకం, తర్వాత రెండు మూడు అంకాలు. ఒకటి వాద్య సంగీతం, ఒకటి ఆర్కెస్ట్రా, ఒకటి రాక్ ఒపేరా. జోస్ గరాజ్‌లో గిటార్ సోలోలు చాలావరకు అక్కడ వాయించినవి కావు. టూర్లో వేరే పాటలకి వాయించిన సోలోలని టేపులోంచి కోసి ఈ పాటల మీద అతికించాడు. కింద బ్యాండ్ ఒక లెక్కలో, పైన గిటార్ ఇంకో లెక్కలో. దానికి ‘జెనొక్రొనీ’ అని పేరు కూడా పెట్టుకున్నాడు. ‘వాటర్‌మెలన్ ఇన్ ఈస్టర్ హే’ మాత్రం ఆ ఆల్బమ్ కోసమే వాయించింది. తేడా చెవికి తెలుస్తుంది, గిటారూ డ్రమ్సూ ఒకదాన్నొకటి వింటున్నాయి. ఇలాంటిది రివ్యూలో రాస్తే చదివేవాడు రికార్డు ఇంకోసారి వేస్తాడు కదా!

అదే ఆల్బమ్‌లో ‘ప్యాకార్డ్ గూస్’ రాక్ జర్నలిస్టుల మీద తిట్ల దండకం. చేతికందిన చెప్పు విసిరాడు.

#21 · పాతసంచిక (హైదరాబాద్)

ఆ విసురు అప్పటికే మొదలైంది శీనూ. రాక్ జర్నలిజం అంటే రాయడం రానివాళ్లు, మాట్లాడటం రానివాళ్లని ఇంటర్వ్యూ చేసి, చదవడం రానివాళ్ల కోసం అచ్చేసేది అన్న ఆయన మాట చూసే ఉంటావు. తమాషా ఏంటంటే ఆ మాటని నలుగురికీ చేర్చింది మళ్లీ రోలింగ్ స్టోనే, తన చతుర్ల శీర్షికలో వేసుకుంది. తిట్టు కూడా బాగా అమ్ముడుపోయే సరుకని రెండు పార్టీలకీ తెలుసు.

నాకు అనిపించేది: ఆ మాట తెలివిగా ఉంది గానీ న్యాయంగా లేదు. మాట్లాడటం రానివాడు అన్న లెక్కలోకి జాపా రాడు. చచ్చేంత మాటకారి. 2016లో ‘ఈట్ దట్ క్వశ్చన్’ అని డాక్యుమెంటరీ వచ్చింది. మొత్తం సినిమాని ఆయన పాత ఇంటర్వ్యూ క్లిప్పులు, ఫుటేజీ మీదే నడిపారు, వేరే వ్యాఖ్యాత లేడు. మాటల మీదే సినిమా నిలబడింది. సమస్యల్లా అక్కడే. ఎదురుగా కూర్చున్న మనిషి ఇంత రసవత్తరంగా మాట్లాడుతుంటే ఏ విలేకరి మాత్రం “మీ ఐదో బార్‌లో మరింబా ఏం చేస్తోంది” అని అడుగుతాడు? మాటలు రాసుకుని వెళ్లిపోతాడు.

#22 · మృదంగం_మూర్తి (చెన్నై)

ఇది బాగా చెప్పారు. మన సినిమా వారపత్రికల్లో సంగీత దర్శకుల ఇంటర్వ్యూలూ అంతే కదా. ట్యూన్ ఎంతసేపట్లో ఇచ్చారు, హీరో ఏమన్నారు, ఏ పాటకి ఎవరు అలిగారు. ఏ రాగం, రెండో చరణంలో ఫ్లూట్ ఎందుకు మారింది? అడిగినవాళ్లు అరుదు. ఇళయరాజా 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’ చేసినప్పుడు దాన్ని విప్పి చూపించే వ్యాసం కోసం నేను ఎంతగా వెతికానో.

#23 · కొత్తగా_వచ్చా (గుంటూరు)

ఒక డౌట్. ఆర్కెస్ట్రాకి రాసేవాడు అంటున్నారు, మరి శాస్త్రీయ సంగీతంవాళ్లు ఒప్పుకున్నారా?

#24 · మృదంగం_మూర్తి (చెన్నై)

కొందరు ఒప్పుకున్నారు, అది ఆషామాషీ కాదు. 1983 జనవరిలో సొంత డబ్బు పెట్టి లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేయించుకున్నాడు, కండక్టర్ కెంట్ నాగానో. తృప్తి కలగలేదు. బ్రేక్‌లో పబ్‌కి వెళ్లి ఆలస్యంగా వచ్చిన ట్రంపెట్‌వాళ్ల మీద తన పుస్తకంలో చిందులు తొక్కాడు. మరుసటి ఏడు పారిస్‌లో ఫ్రెంచ్ స్వరకర్త, కండక్టర్ పియేర్ బూలేజ్ తన వాద్యబృందం ఆన్సాంబ్ల్ ఎంతెర్‌కొంతెంపొరెన్‌తో జాపా రచనలు వాయించారు. బూలేజ్ అంటే ఆ రంగంలో చండశాసనుడు, ఎవరినీ మొహమాటానికి వాయించే రకం కాదు. ‘పర్‌ఫెక్ట్ స్ట్రేంజర్’ ఆల్బమ్ అది.

1984లోనే ఇంకేం వచ్చాయో శీను చెప్తాడు.

#25 · స్ట్రాట్_శీను (విశాఖ)

చెప్తా. బూలేజ్ ఆల్బమ్, ‘దెమ్ ఆర్ అజ్’ అనే రాక్ డబుల్, ‘థింగ్-ఫిష్’ అనే మూడు డిస్కుల బూతు నాటకం, 18వ శతాబ్దపు ఫ్రాంచెస్కో జాపా అనే వేరే స్వరకర్త రచనల్ని సింక్లవియర్ కంప్యూటర్‌తో వాయించిన ఇంకో ఆల్బమ్. నాలుగూ ఒకే ఏడాది.

#26 · లావణ్య_ఎల్పీ (డాలస్)

చూశారా! రాక్ పత్రికలో రివ్యూ అంటే మూడొందల మాటలు. ఒకే ఏడాది బూలేజూ, బూతు నాటకమూ, పద్దెనిమిదో శతాబ్దమూ. ఏ విమర్శకుడికి ఈ మూడూ వచ్చుంటాయి? థింగ్-ఫిష్ పట్టుకుని తిట్టేసి ఇంటికెళ్లాడు. నేనైనా అదే చేసేదాన్నేమో.

#27 · పాతసంచిక (హైదరాబాద్)

అందుకే నాకు ఒక పత్రిక వ్యవస్థకి సంబంధించిన కారణం కనిపిస్తోంది, మనుషుల తెలివి తక్కువతనం కాదు. రాక్ పత్రిక బతికేది రికార్డు కంపెనీల యాడ్ల మీద, కొత్త ముఖాల మీద. 1977లో తన రికార్డు కంపెనీ వార్నర్‌తో జాపా గొడవపడి, ‘లాథర్’ అనే నాలుగు ఎల్పీల సెట్టు విడుదల కాకపోతే, రేడియోలో మొత్తం వేసి “టేప్ చేసుకోండి” అని శ్రోతలకి చెప్పాడు. అలాంటివాడికి యాడ్ ఎవరిస్తారు? 1981లో ‘షటప్ అండ్ ప్లే యెర్ గిటార్’ మూడు ఆల్బమ్‌లనీ పోస్టులో అమ్ముకున్నాడు. మ్యాగజైన్ అవసరమే లేకుండా చేసుకున్నాడు.

వాద్యకారుల పత్రిక వేరే. దానికి గిటార్ కంపెనీ, కీబోర్డు కంపెనీ యాడ్లు. చదివేవాడికి “ఇది ఎలా వాయించాలి” అన్నదే కావాలి. అందుకే సింక్లవియర్ గురించి ఆయన్ని విసుగు లేకుండా అడిగినవాళ్లు వాళ్లే. ఆ యంత్రంతో చేసిన ‘జాజ్ ఫ్రమ్ హెల్’కి 1988లో గ్రామీ వచ్చింది, ఉత్తమ రాక్ వాద్య ప్రదర్శన అని. దాదాపు అంతా కంప్యూటర్ వాయించిన ఆల్బమ్‌కి “ప్రదర్శన” బహుమతి! 1992లో గిటార్ ప్లేయర్, కీబోర్డ్ పత్రికల ప్రచురణకర్తలు కలిసి ‘జాపా!’ అని ప్రత్యేక సంచికే వేశారు. బతికుండగా ఆయన మీద అచ్చయినవాటిలో నాకు అన్నింటికన్నా నచ్చినది అదే. మనిషి జబ్బుతో ఉన్నాడని అప్పటికి లోకానికి తెలుసు, 1991 నవంబరులో పిల్లలు ప్రకటించారు. అయినా ఏడుపు పేజీలు లేవు, అంతా పని గురించే.

#28 · స్ట్రాట్_శీను (విశాఖ)

ఆ సంచిక మీ దగ్గర అచ్చు కాపీ ఉందా సార్? అమ్ముతారా? 🙏

#29 · పాతసంచిక (హైదరాబాద్)

ఉంది. అమ్మను. హైదరాబాద్ వస్తే కూర్చుని చదువుకో, చాయ్ నాది.

#30 · పంచ్_పరమేశం (రాజమండ్రి)

మీరంతా ఫ్యాన్‌జైన్లని, అంటే అభిమానులే నడిపే పత్రికల్ని, వదిలేశారు. అమెరికాలో ‘సొసైటీ పేజెస్’, ఇంగ్లండ్‌లో ‘టి'మెర్షీ డువీన్’. జీతం లేదు, యాడ్ లేదు, డెడ్‌లైన్ అంతంతమాత్రం. బ్యాండ్‌లో ఏ టూర్లో ఎవరు బేస్ వాయించారు, ఏ ఊరి టేపు ఏ ఆల్బమ్‌లో ఎన్నో నిమిషం దగ్గర అతికింది అన్నీ వాళ్లే తవ్వారు. ఇవాళ మీరు ఇక్కడ చెబుతున్న సగం సంగతులు వాళ్ల చలవే. నేను జోకులు మాత్రమే వేస్తాననుకుంటారు.

#31 · మృదంగం_మూర్తి (చెన్నై)

పరమేశం గారికి దండం. అచ్చమైన మాట. కాకపోతే ఫ్యాన్‌జైన్‌లో ఒక లోటు ఉంటుంది, లావణ్య గారు అడిగే ప్రశ్న అక్కడ ఎవరూ అడగరు.

#32 · లావణ్య_ఎల్పీ (డాలస్)

అడిగితే చందా వాపస్ చేస్తారు 😄

సీరియస్‌గా ఒకటి. చనిపోయే ముందు 1993 ఏప్రిల్‌లో వచ్చిన ప్లేబాయ్ ఇంటర్వ్యూ చదవండి. పత్రిక పేరు చూసి మొహం తిప్పుకోకండి, వాళ్ల ఇంటర్వ్యూలు చాలా పొడుగ్గా, ఓపిగ్గా ఉంటాయి. జబ్బు గురించి, పని చేయగలిగే గంటలు తగ్గడం గురించి మాట్లాడతాడు. నాకు ఆ మనిషి మీద కోపం కాస్త తగ్గింది అక్కడే. పాటల మీద తగ్గలేదు.

#33 · కొత్తగా_వచ్చా (గుంటూరు)

పోయాక పత్రికలు మారాయా? మనవాళ్లలాగా పోయాక అందరూ పొగిడేశారా?

#34 · పాతసంచిక (హైదరాబాద్)

బాగానే మారాయి. 1994లో డౌన్‌బీట్ విమర్శకుల పోల్ ఆయన్ని తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది, అది జాజ్ పత్రిక. మరుసటి ఏడు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్. రోలింగ్ స్టోన్ 2011లో వంద మంది గొప్ప గిటారిస్టుల్లో 22వ స్థానం ఇచ్చింది. ఇప్పుడు మోజో, అన్‌కట్ లాంటి పత్రికలకి ఆయన గిట్టుబాటయ్యే సరుకు. పాత టేపుల గోదాంలోంచి ఏటా కొత్త బాక్స్ సెట్టు వస్తుంది కాబట్టి ఏటా వ్యాసం వస్తుంది. అందులో కథలు మాత్రం అవే: కాసినో నిప్పు, రెయిన్‌బో తోపు, 1985 సెనేట్ విచారణలో టై కట్టుకుని పాటల సెన్సార్‌ని ఏకిపారేసిన వైనం. చివరి ఆల్బమ్ ‘ఎల్లో షార్క్’, జర్మనీ ఎన్సెంబుల్ మోడర్న్ వాయించింది, ఆయన పోవడానికి నెల ముందు వచ్చింది. దాని లోపలికి వెళ్లి రాసినవాళ్లు ఇప్పటికీ తక్కువే.

#35 · మృదంగం_మూర్తి (చెన్నై)

ఆ ‘తక్కువే’ని మనం కొంచెం తగ్గిద్దాం. శీనూ, ‘బ్లాక్ పేజ్’ ఉంది కదా, డ్రమ్మర్ టెర్రీ బోజియో కోసం రాసింది, కాగితం నల్లబడేంత స్వరాలున్నాయని ఆ పేరు. దాని మొదటి కొన్ని బార్లు నేను కొన్నక్కోల్‌లో (నోటితో పలికే జతుల్లో) రాసి పెడతాను. నువ్వు గిటార్ మీద పట్టుకో. ఇద్దరం కలిపి ఇక్కడే వేరే థ్రెడ్ తెరుద్దాం. లావణ్య గారు విమర్శకురాలు.

#36 · లావణ్య_ఎల్పీ (డాలస్)

మూడొందల మాటల్లో రాస్తాను. తిట్టే ఛాన్స్ ఉంది, ముందే చెప్తున్నా.

#37 · స్ట్రాట్_శీను (విశాఖ)

మూర్తి గారూ, టెన్షన్ పెట్టకండి. స్టీవ్ వాయ్ కుర్రాడిగా ఉన్నప్పుడే ఆ ‘బ్లాక్ పేజ్’ విని స్వరాలు రాసి జాపాకి పంపాడు, ఉద్యోగం వచ్చింది. నేను వాయించి పెడితే ఉన్నది పోతుంది. సగం స్పీడులో అయితే రెడీ.

#38 · మృదంగం_మూర్తి (చెన్నై)

సగం స్పీడే. శనివారం రాత్రికి మొదటి నాలుగు బార్లు పెడతాను.